మూడేళ్ల తేడా

“పిల్లకి ఆ సూదేదో చేతిలో గుచ్చుకుని ఉంటుందండీ. నాకెందుకో అట్టా అనిపిస్తోంది” అన్నాను మావారితో.

అప్పటికింకా ఏమీ జరగలేదు. పొద్దున తొమ్మిదైంది. ఆయన షెడ్డులో కూర్చుని ఒక నీళ్ల మోటారుకి రాగి తీగ చుడుతున్నారు. చుట్టు చుట్టుకీ పెదవులు కదులుతున్నాయి. ఆ సమయంలో పలకరిస్తే లెక్క తప్పుతుందని తెలుసు. పైగా ఈమధ్య ఎవరూ పలకరించకపోయినా ఆయన లెక్క తప్పుతోంది, చుట్టిందంతా విప్పి మళ్లీ మొదలుపెడుతున్నారు. అయినా నేను ఆగలేకపోయాను.

ఆయన ఆ వరుస పూర్తిచేసి, తీగ ముడివేసి, అప్పుడు తలెత్తారు. “ఫోన్ చేసిందా?”

“చెయ్యలేదు. అందుకే.”

“చేస్తే గొంతు బాలేదంటావు. చెయ్యకపోతే సూది గుచ్చుకుందంటావు. అదేం చెయ్యాలో నువ్వే చెప్పు.”

అంతకుమించి మాట్లాడే మనిషి కాదు. మళ్లీ తీగ అందుకున్నారు.

మా అమ్మాయి వల్లి గుంటూరులో ఒక పరిశోధనశాలలో పనిచేస్తుంది. ఏ జబ్బుల మీద అని ఎవరన్నా అడిగితే నేను చక్కెర జబ్బు అని చెబుతాను. అసలు సంగతి ఏమిటంటే, ఆడా మగా కలిసినప్పుడు ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బులున్నాయే, వాటి మీద దాని పని. మా చిన్నప్పుడు బస్టాండు గోడల మీద సుఖవ్యాధులని రాసి ఉండేది. ఆ పేరెవరు పెట్టారో గాని, అందులో సుఖం ఎక్కడుందో నాకు తెలియదు. పక్కింటి భ్రమరాంబ గారు నా అబద్ధం నమ్మేసి, “మీ అమ్మాయి నా చక్కెరకేమన్నా మందు కనిపెట్టిందా నాంచారమ్మా?” అని వారానికోసారి గోడమీంచి అడుగుతూ ఉంటుంది.

నాది భయస్తురాలి గుండె. అది పుట్టుకతో వచ్చింది కాదు. వల్లికి ముందు నాకు ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. పుట్టి పోయారనడం కూడా తప్పే, పోయే పుట్టారు. మొదటివాడు కడుపులో ఉండగా దీపావళి మర్నాడు పెద్ద సూర్యగ్రహణం పట్టింది. నాకు ఆకలేసింది. ఎవరూ లేరు కదా అని కత్తిపీట ముందేసుకుని ఒక దోసకాయ తరిగాను. మా అత్తగారు దొడ్డి తలుపులోంచి చూసింది. బిడ్డ ఎనిమిదో నెలలో కదలిక లేకుండా పుట్టాడు. ఏడాదిన్నరకి రెండోవాడూ అంతే. “ఆ దోషం ఒక్క కాన్పుతో వదులుతుందా?” అంది అత్తగారు. ఆమె పోయి పన్నెండేళ్లయింది. దోసకాయ కోసినప్పుడల్లా ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నా చేతుల్తో నేనే ఇద్దరు పిల్లల్ని చంపుకున్నానని ఆనాడే నమ్మాను. అట్టా నమ్మిన మనిషికి ఇక దేనికి భయం వెయ్యదు చెప్పండి?

వల్లి మాత్రం బతికింది. మోపిదేవి సుబ్బారాయుడికి మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టుకున్నాం. ముప్పై ఒకటి నిండాయి. పెళ్లి మాటెత్తితే నవ్వి ఫోన్ పెట్టేస్తుంది.

ఆ ఆదివారం అది చెప్పాపెట్టకుండా అవనిగడ్డలో మా ఇంటికి వచ్చేసింది. గుమ్మంలోనే రెండు చేతులూ పట్టుకుని తిప్పి తిప్పి చూశాను.

“ఏంటమ్మా, గాజులేమన్నా తొడుగుతావా?”

“సూదులేమన్నా గుచ్చుకున్నాయేమోనని.”

“గుచ్చుకోలేదు. ఇవాళ నేనే నీకు గుచ్చడానికొచ్చాను. నీ రక్తం ఒక చుక్క కావాలి.”

బ్యాగులోంచి వేలెడంత పొడవున తెల్లటి పట్టీలు తీసింది. వాళ్ల లాబులో నాలుగేళ్లుగా దానిమీదే పని. దాన్ని ఏళ్లపట్టీ అంటారట. నేను చారులో పోపు పెడుతుంటే గట్టుమీద కూర్చుని చెప్పుకొచ్చింది.

“ఇన్నాళ్లూ పరీక్షలో జబ్బు ఉందా లేదా అనే తెలిసేది. ఇది ఎప్పుడు వచ్చిందో కూడా చెబుతుంది.”

“ఎప్పుడొస్తే ఏంటే? ఉంటే మందిస్తే పోలా?”

“సవాయి అని ఉందిగా, సిఫిలిస్, అది ఏడాది లోపుదైతే ఒక్క సూదితో పోతుంది. పాతదైతే వారానికొకటి చొప్పున మూడు వెయ్యాలి. ఎప్పటిదో తెలీక అందర్నీ మూడు వారాలు తిప్పుతున్నాం. సగంమంది రెండోదానికే మానేస్తారు. కడుపుతో ఉన్నవాళ్లు మానేస్తే బిడ్డకి ప్రమాదం.”

“ఎన్నేళ్ల కిందటిదో రక్తానికెట్టా గుర్తుంటుంది?”

అది వంటింటి కిటికీలోంచి కాలవగట్టు మీది తాడిచెట్టు చూపించింది. “మట్ట రాలినచోటల్లా మానుకి గీత మిగులుతుంది కదా. అట్టాగే. జబ్బుతో పోట్లాడిన కణాలు ఒంట్లో అట్టా గీతలు వేసుకుంటూ పోతాయి. జబ్బింకా బతికుంటే పట్టీమీద ఎర్రగీత పడుతుంది. ఎప్పుడో వచ్చి తగ్గిపోయి ఉంటే బూడిదరంగు గీతలు. మచ్చలన్నమాట. గీతల మధ్య ఎడం కొలిచి, మనిషి వయసు వేసి లెక్కకడితే సంవత్సరం తేలుతుంది.”

“మధ్యలో వయసెందుకు?”

“లేత తాడి ఏడాదికి ఎక్కువ మట్టలు వేస్తుంది, ముదురు తాడి తక్కువ వేస్తుంది. చెట్టు వయసు తెలీకుండా ఉత్త గీతలు లెక్కపెడితే ఏం తెలుస్తుంది?”

ఏ జబ్బూ లేని యాభై దాటిన ఆడవాళ్ల రక్తం పోల్చి చూడటానికి కావాలట. నేను సంతోషంగా వేలు చాపాను. నా రక్తం ఒక శాస్త్రానికి పనికొస్తుందంటే నాకు గర్వంగానే ఉంది. “చూసుకో. భయం తప్ప ఏమీ ఉండదు” అన్నాను. వల్లి నవ్వింది. నా ఆధార్ కార్డు ఫొటో దాని ఫోనులో ఎప్పుడూ ఉంటుంది, అందులోంచి పుట్టినతేదీ ఎక్కించుకుంది. నేనప్పుడు చారు దించుతున్నాను, చూడలేదు.

“నాన్నా, నువ్వూ ఇవ్వకూడదూ? మగవాళ్లవీ తీసుకుంటున్నాం.”

ఆయన గుమ్మందాకా వచ్చినవారు అక్కడే ఆగిపోయారు. “నాకు పనుంది. మధ్యాహ్నానికి మోటారు అప్పజెప్పాలి” అని వెనక్కి తిరిగారు. తిరగడంలో కొంచెం తూలి గుమ్మం పట్టుకున్నారు.

“నాన్నకి సూదంటే భయమా?” అంది వల్లి.

“రోజూ కరెంటు షాకులు తినే మనిషికి సూదొక లెక్కా!” అన్నాను నేను.

ఆ తర్వాత పది రోజులు దాని గొంతు వినలేదు. పని ఎక్కువగా ఉందని ఫోనులో అక్షరాలు పంపేది, అంతే. పదకొండో రోజు మధ్యాహ్నం చేసింది.

“అమ్మా, నీ పెళ్లికి ముందు... చిన్నప్పుడు... మీ ఊళ్లో నిన్నెవరన్నా ఇబ్బంది పెట్టారా?”

“ఇబ్బందేంటే? ఎవరు? నీకేమైంది, ముందది చెప్పు!”

“ఏం లేదులే. తర్వాత మాట్లాడతా.”

పెట్టేసింది. పిల్లకి ఏదో అయింది. ఎవడో ఏదో చేశాడు. లేకపోతే ఆ జబ్బే అంటుకుంది. అది నాకు చెప్పలేక నా చిన్నతనం మీద పెట్టి అడుగుతోంది. నా బుర్ర ఇట్టాంటి దారుల్లో చాలా వేగంగా పరిగెడుతుంది. మర్నాడు పొద్దున్నే గోంగూర పచ్చడి సీసాలో పెట్టుకుని, “గుంటూరు వెళ్తున్నా” అని మావారికి ఒక్క ముక్క చెప్పి బస్సెక్కాను. వారధి దాటి, రేపల్లె, తెనాలి మీదుగా గుంటూరు చేరేసరికి, మనసులో దానికి మూడు జబ్బులు తెప్పించి, ఒక ఆపరేషను కూడా చేయించేశాను.

లాబు మెట్లమీదే వల్లి కనిపించింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నన్ను చూసి గట్టిగా కౌగిలించుకుంది. అది అట్టా పట్టుకుని పదిహేనేళ్లయి ఉంటుంది.

“నీకేనా?” అన్నాను.

“నాకు కాదమ్మా” అంది.

లోపల దాని పెద్ద డాక్టరు ఎస్తేరు మేడం ఉన్నారు. నెరిసిన జుట్టు, నూలు చీర. నన్ను ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు.

“ముందుగా మీరు నన్ను క్షమించాలమ్మా. ఈ పట్టీలమీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. మీ అమ్మాయి నంబరు గుర్తుపెట్టుకుని మీ పట్టీ తనే చూసేసింది. తప్పు చేసింది, గట్టిగా చీవాట్లు పెట్టాను. ఇక చెప్పాల్సింది మీకే చెప్పాలి. వల్లి ఇక్కడ ఉండొచ్చా, బయటికి పంపించనా?”

“ఉండనివ్వండి” అన్నాను.

ఆవిడ మెల్లగా చెప్పారు. నా పట్టీమీద బూడిదరంగు గీతలు తేలాయి. ఒకప్పుడు నాకు సవాయి వచ్చింది. ఎప్పుడో పూర్తిగా తగ్గిపోయింది, ఇప్పుడు నా ఒంట్లో జబ్బు లేదు, భయపడాల్సిందేమీ లేదు.

“నాకా?” అన్నాను. “నాకేంటి మేడం? పొరపాటు పడుంటారు. నేను అట్టాంటి మనిషిని కాదు.”

“అట్టాంటి మనిషి అంటూ ఉండరమ్మా. ఇది దగ్గు, జలుబు లాగా ఒక క్రిమి. అయితే...” ఆవిడ వల్లి వైపు చూశారు. “లెక్కలో తొంభై రెండు అని వచ్చింది. మీ పెళ్లి తొంభై నాలుగులో అట కదా.”

వల్లి ఏడుపు ఆపుకోలేకపోయింది. “ఎవడమ్మా వాడు? చిన్నపిల్లవి. ఇన్నేళ్లు నీలోనే దాచుకున్నావా? నీకు ఊరికే అంత భయమెందుకా అనుకునేదాన్ని. నిన్ను ఎన్నిసార్లు ఎగతాళి చేశానో!”

అప్పుడర్థమైంది, పది రోజులు అది ఎందుకు మూగగా ఉందో. ఎవడో దుర్మార్గుడు నన్ను పాడుచేశాడని అనుకుని, వాడికి మనసులో రోజూ శిక్ష వేస్తూ ఉంది. నేను దాని తల నిమురుతూ ఆలోచించాను. నేను ఏడో తరగతి వరకే చదివాను గాని, కూడికలు తీసివేతలు వచ్చు. తొంభై రెండులో నాకు పద్నాలుగేళ్లు. ఇంటికీ గుడికీ తప్ప ఎక్కడికీ వెళ్లిందాన్ని కాదు. ఎవరూ ఏమీ చెయ్యలేదు. అది నాకు నికరంగా తెలుసు.

“వల్లీ, వయసు వేసి లెక్కకట్టాలన్నావుగా. నాకెంతని వేశావు?”

“ఆధార్‌లో ఉన్నదే. డెబ్బై నాలుగు, జూలై ఒకటి.”

“అది నా వయసు కాదే.”

ఇద్దరూ నావైపు చూశారు.

“నేను ఉప్పెనకి పుట్టాను. దివిసీమ ఉప్పెన. అది వచ్చిన పదకొండో రోజున శిబిరం గుడారంలో మా అమ్మ నన్ను కంది. ఊరంతా నన్ను ఉప్పెన పిల్ల అనేవాళ్లు. డెబ్బై ఏడు. పెళ్లినాటికి నాకు పదిహేడన్నా లేవు. ఎవరన్నా వచ్చి అడుగుతారేమోనని మా నాన్న ఊరి పెద్దల్ని పట్టుకుని మూడేళ్లు కలిపి రాయించాడు. రేషన్ కార్డులో అదే, ఓటరు కార్డులో అదే, దాన్ని చూసి ఆధార్‌లోనూ అదే. మా ఈడు వాళ్లలో సగంమందికి ఇంతే. జూలై ఒకటిన పుట్టినవాళ్లు మా వీధిలోనే ఆరుగురున్నాం. ఒక్కరం కూడా ఆ రోజున పుట్టలేదు.”

ఎస్తేరు మేడం లేచి కంప్యూటరు దగ్గరికి వెళ్లారు. తేదీ మార్చారు. ముదురు తాడి లేత తాడి అయింది. తెరమీద అంకె మారింది.

తొంభై అయిదు.

ఆవిడ ఫోను తీసి ఎవరికో చేసి, “ఊళ్లలో ఇచ్చిన పట్టీలన్నీ ఆపండి. ఇవాళే. వయసు కార్డుల్లోంచి తీసుకున్నాం, ఆ లెక్కలన్నీ తప్పు కావచ్చు” అన్నారు. పెట్టేసి నుదురు పట్టుకుని కూర్చున్నారు. పోయిన నెల ఒక ఊళ్లో ఒక గర్భిణి పట్టీ మీద పెళ్లికి ముందరి సంవత్సరం వచ్చిందట. నర్సు చేతిలోంచి ఆ ఫలితం కాగితం ఆ పిల్ల అత్తగారు లాక్కుని చదివించుకుంది. ఆ పిల్లని పుట్టింటికి తోలేశారు. ఎంత చెప్పినా ఆ పిల్ల ఒకటే మాట అనేదట, నాకేమీ తెలియదని. “మా యంత్రాన్ని నమ్మాను గాని ఆ పిల్ల మాట నమ్మలేదు” అన్నారు ఆవిడ.

“ఇప్పుడన్నా వెళ్లి చెప్పండి మేడం. ఆ పిల్ల వయసు కార్డులో కాదు, వాళ్లమ్మనడగండి. ఏ తుపానుకి పుట్టిందో, ఏ పంటకి పుట్టిందో అమ్మకి తెలుస్తుంది. వెంటనే వెళ్లండి. ఏ అఘాయిత్యమన్నా చేసుకుంటే?”

“సాయంత్రంలోగా నేనే వెళ్తాను” అన్నారు. వెళ్లారు కూడా. ఆ తర్వాత నుంచి పట్టీమీద సంవత్సరం కనపడకుండా మూత వేశారని, ఎన్ని సూదులు వెయ్యాలన్నది మాత్రమే పైకి కనిపిస్తుందని వల్లి చెప్పింది.

ఆ గడబిడలో నేను ఆ అంకెని మరిచిపోయాననుకున్నారేమో. నేను మరిచిపోలేదు. తొంభై అయిదు. ఆ ఏడు మావారు టెలిఫోను కేబుళ్లు పాతే కంట్రాక్టరు దగ్గర కూలీల మీద మేటుగా ఒరిస్సా వైపు పనిచేసేవారు. మూడు నెలలకోసారి వచ్చి నాలుగు రోజులుండేవారు.

“మేడం, నాకు ఇద్దరు పిల్లలు పోయారు” అన్నాను. “తొంభై ఆరులో ఒకడు, తొంభై ఏడులో ఒకడు.”

ఆవిడ తన కుర్చీ నా పక్కకి జరుపుకున్నారు. “ఈ జబ్బు తల్లికుంటే కడుపులో బిడ్డకి చేరుతుంది. చాలాసార్లు బిడ్డ దక్కదు. మూడో కాన్పుకి ముందు మీకేమన్నా సూదులు వేశారా? నొప్పి ఎక్కువగా ఉండేవి?”

వేశారు. కాంపౌండరు ఇంటికొచ్చి తుంటికి వేసేవాడు. వారానికొకటి, మూడు. రెండు రోజులు కుంటేదాన్ని. ఏంటండీ ఇవి అంటే, “బలానికి” అన్నారు మావారు. ఆయనే వెంటబెట్టుకొచ్చారు కాంపౌండరుని.

“ఆ సూదులే వల్లిని బతికించాయి. వల్లికి కూడా పరీక్ష చేశాం, తనకేమీ లేదు.”

“అయితే... గ్రహణం?”

“గ్రహణం ఏం చేస్తుందమ్మా, నీడ పడుతుంది, పోతుంది.”

నేను ఏడుస్తానని అనుకుని వల్లి రుమాలు తీసింది. నాకు ఏడుపు రాలేదు. ఎవరో నా నెత్తిమీంచి గంప దించినట్టయి, ఆ తేలికకి తల తిరిగింది. ఆ వెనకనే కోపం వచ్చింది. అంతకుముందెప్పుడూ నాకు అంత కోపం రాలేదు. భయం పట్టే చోటంతా అది ఆక్రమించేసింది.

“నాన్నకి తెలుసన్నమాట” అంది వల్లి పళ్లు బిగించి. “ఇంక నేనా ఇంటికి రాను.”

ఎస్తేరు మేడం మమ్మల్ని కాసేపు అట్టా వదిలేసి, తర్వాత ఒక్క సంగతి అడిగారు. “ఆయన పూర్తిగా వేయించుకున్నారో లేదో మీకు తెలుసా? నడకలో తేడా గాని, చేయి వణకడం గాని, మరుపు గాని ఉందా? వేయించుకోకపోతే అది ముప్పై ఏళ్ల తర్వాతైనా నరాల్ని, తలని పట్టుకుంటుంది.”

చుట్లు లెక్క తప్పడం. గుమ్మం దగ్గర తూలడం. నా కోపం పక్కకి ఒత్తిగిలి, పాత భయానికి మళ్లీ చోటిచ్చింది.

ఇంటికొచ్చాక మూడు రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు. వండి పెట్టాను. ఆయన తిన్నారు. మా ఇంట్లో మాట్లాడకపోవడం పెద్ద వింత కాదు గనక ఆయన గమనించారో లేదో తెలియదు. భ్రమరాంబ గారే గమనించింది. “ఏం నాంచారమ్మా, మీ ఇంట్లో రేడియో ఆగిపోయిందేంటి?” అంది గోడమీంచి. రేడియో అంటే నేనే.

నాలుగో రోజు పొద్దున షెడ్డులోకి వెళ్లి నిలబడ్డాను. వార్నిష్ వాసన గుప్పుమంది.

“గుంటూరులో మీ రక్తం కూడా చూస్తారంట. రమ్మన్నారు.”

“ఎందుకంట?”

“నా రక్తంలో పాత మచ్చ కనపడింది. తొంభై అయిదుది.”

ఆయన చేతిలోంచి తీగ చుట్ట జారి కిందపడి దొర్లింది. వంగి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

“వల్లికి తెలుసా?”

“అదే చూసింది.”

అంతే. మళ్లీ తీగ చుట్టడం మొదలుపెట్టారు. పెదవులు కదలడం లేదు. లెక్కే లేకుండా చుడుతున్నారు.

“ఇప్పుడు నేనేమీ అడగడానికి రాలేదు” అన్నాను. “మీ చేయి వణుకుతోంది. నడకలో తూలుతున్నారు. అది తలకెక్కుతుందంట. ఇప్పుడన్నా మందుందంట. నాకు భయంగా ఉంది.”

“నీకు భయం లేనిదెప్పుడు?” అన్నారు, ఎప్పుడూ అనేటట్టే.

“ఆ భయం నాకెట్టా వచ్చిందో మీకు తెలుసు.”

అట్టాంటి మాట ఆయన్ని నేనెన్నడూ అనలేదు. అనేసి లోపలికొచ్చేశాను. పొయ్యిమీద పాలు పొంగి సగం పోయాయి.

మర్నాడు నేను స్నానం చేసి వచ్చేసరికి షెడ్డు మూసి తాళం వేసి ఉంది. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని అరుగుమీద కూర్చుని ఉన్నారు. “ఎన్నింటికి బస్సు?” అన్నారు.

దారిపొడవునా కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. నేను పక్కన కూర్చుని, ఆయనకి చెమట పడుతోందేమో, ఒళ్లు వేడిగా ఉందేమో అని చూసుకుంటూనే ఉన్నాను. ఇంత జరిగాక కూడా నా కళ్లకి వేరే పని చేతకాలేదు.

లాబులో వల్లి తండ్రిని చూసి, “రా” అని మాత్రం అంది. ‘నాన్నా’ అనలేదు. వేలికి సూది గుచ్చింది కూడా వేరే అమ్మాయే. గంట తర్వాత ఎస్తేరు మేడం ఆ చిన్న గదిలోకి పిలిచారు. పట్టీ ఆవిడ చేతిలో ఉంది, మూత వేసి ఉంది.

“పాండురంగం గారూ, దీనికి మందుంది. అది ముందు చెబుతున్నాను. రెండు వారాలు ఆసుపత్రిలో ఉండి సూదులు వేయించుకోవాలి. ఇప్పటిదాకా జరిగిన నష్టమంతా వెనక్కి రాకపోవచ్చు. ఇకముందు మాత్రం పెరగకుండా ఆపగలం. ఆ మాట మీవాళ్ల ముందు చెప్పక తప్పదు, మిమ్మల్ని చూసుకోవాల్సింది వాళ్లే గనక. ఇక మిగతాది. ఎప్పటిది, ఎట్టా వచ్చింది, ఎవరికి ఏం జరిగింది. అది మీ సొంత సంగతి. మీరు చెప్పమంటేనే వీళ్ల ముందు చెబుతాను. వద్దంటే వీళ్లిద్దరూ బయట కూర్చుంటారు, మీరూ నేనూ మాట్లాడుకుంటాం. మీ ఇష్టం.”

ఆయన నేలవైపు చూస్తూ ఉండిపోయారు.

గదిలో మందుల ఫ్రిజ్ ఒకటి సన్నగా మోగుతోంది. మోటారు మోత విని దాని జబ్బు చెప్పే మనిషి, అది వింటున్నారో లేదో. టీ తెచ్చి పెట్టారు. అది చల్లారి పైన తొరక కట్టింది. ఎస్తేరు మేడం తొందరపెట్టలేదు, గడియారం వైపు కూడా చూడలేదు. వల్లి విసుగ్గా లేవబోయింది. నేను దాని మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టాను. ఆయన కుడిచేయి వణుకుతోంది, దాన్ని ఎడమచేత్తో పట్టుకున్నారు. ముప్పై ఆరేళ్ల సంసారంలో ఆయన మౌనం నాకు కొత్త కాదు. అందులో ఎన్ని రకాలున్నాయో కూడా నాకు తెలుసు, పని మౌనం, అలసట మౌనం, అలక మౌనం. ఇది నేనెరగనిది. బయట వరండాలో ఎవరో వచ్చారు, వెళ్లారు. కిటికీ ఎండ బల్లమీంచి నేలమీదికి దిగింది.

“వద్దు మేడం” అన్నారు.

నా చేయి వల్లి మణికట్టు మీంచి జారిపోయింది. సరే, ఇంతేననుకున్నాను. సంచి తీసుకుని లేచాను.

“కూర్చో నాంచారీ.” ఆయన తలెత్తారు. “మేడం చెప్పొద్దంటున్నాను. నేను చెబుతాను. రెండోవాణ్ణి ఏటిగట్టున పూడ్చిపెట్టిన రోజే డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు, జబ్బు నాదని, నా మూలాన్నే ఇద్దరూ పోయారని. ఆ మాట విని నేరుగా ఇంటికొచ్చాను. మా అమ్మ నిన్ను తిడుతోంది. నువ్వు మూలన కూర్చుని ఏడుస్తున్నావు. నేను చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, అన్నం పెట్టమన్నాను.”